ఎయిర్‌బ్రష్‌కు తక్కువ ఖర్చులో గాలి: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో హెల్మెట్లకు, బైక్ ట్యాంకులకు ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగును సన్నగా చిమ్మే పెన్ను లాంటి పరికరంతో, రంగులు వేయడం నా పని. కార్లు, విమానాల మోడళ్లకు రంగులు వేసుకుందామని సరదాపడే కుర్రాళ్లు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. బ్రష్ కొనేస్తారు, గాలి దగ్గర ఆగిపోతారు. ఎవరో చెప్పింది విని ప్రమాదం కొనితెచ్చుకునేవాళ్లను చూస్తే భయమేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ప్రెజర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

పంక్చర్ షాపులో బైక్ వెనక టైరుకు 30 పౌండ్లు కొట్టిస్తాం కదా, ఎయిర్‌బ్రష్‌కు మామూలుగా అంత కూడా అక్కర్లేదు. 15 నుంచి 25 పీఎస్ఐ చాలు. పౌండ్లన్నా పీఎస్ఐ అన్నా ఒకటే. అసలు చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి వస్తుందన్నది. 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌కు (రంగు బయటికొచ్చే మొన) సుమారు 10-15 లీటర్లు కావాలి. కారు టైర్లకు వాడే చిన్న ఇన్‌ఫ్లేటర్ మీద 150 పీఎస్ఐ అని ఉంటుంది. కానీ ట్యాంకు లేదు కాబట్టి గాలి దడదడమని కొట్టుకుంటూ వస్తుంది, సన్న గీత కాస్తా చుక్కలవుతుంది. కాసేపటికే మోటారు కాలిపోయేంత వేడెక్కుతుంది. అక్వేరియం పంపుతో అసలే కాదు.

అపోహ: స్టెప్నీ టైరుంటే కంప్రెసర్ ఎందుకు?

లెక్క వేద్దాం. టైరులో 35 లీటర్ల చోటు ఉందనుకోండి. 35 పౌండ్ల నుంచి 20కి దిగేలోపు బయటికొచ్చే గాలి సుమారు 35 లీటర్లే. మూడు నిమిషాల్లో అయిపోతుంది. అదే 24 లీటర్ల ట్యాంకున్న వర్క్‌షాప్ కంప్రెసర్‌ను 8 బార్ (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ) దాకా నింపి 2 బార్ దాకా వాడితే 140 లీటర్లు వస్తాయి. ట్రిగ్గర్ నొక్కుతూ వదులుతూ వేస్తాం కాబట్టి అరగంట లాగొచ్చు. మోత భరించలేమనేవాళ్లు సాయంత్రమే నింపి మోటారు ఆపేసుకుంటే, ఇంట్లోవాళ్లు పడుకున్నాక హాయిగా పని చేసుకోవచ్చు. ఆటోనగర్‌లో పాతది బేరమాడేటప్పుడు ట్యాంకు కింద నీళ్లు వదిలే డ్రెయిన్ విప్పి చూడండి. తుప్పు పెళ్లలు రాలితే ఎంత చవకైనా వద్దు. చిన్న మోడళ్లకే అయితే 3 లీటర్ల ట్యాంకున్న 1/6 హెచ్‌పీ కంప్రెసర్ సరిపోతుంది.

అపోహ: ఖాళీ గ్యాస్ సిలిండర్ మంచి ట్యాంకు.

దయచేసి ఆ పని చేయకండి. వంట గ్యాస్ సిలిండర్ గట్టిదే, కాదనను. కానీ లోపల మిగిలిన గ్యాస్ ఉంటుంది, నీళ్లు వదలడానికి కింద దారి ఉండదు, లోపలి నుంచి ఎంత తుప్పు తినేసిందో పైకి కనపడదు. పైగా అది మన సొత్తు కూడా కాదు, కంపెనీది. పీవీసీ పైపు ఇంకా ఘోరం, పేలితే పెంకులై ఎగురుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ చప్పుడు చేయదు కానీ గాలితో పాటు ఆయిల్ కక్కుతుంది. సేఫ్టీ వాల్వ్, ప్రెజర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్ లేకుండా వాడొద్దు. పాత ఫ్రిజ్ గొట్టాలు మీరే కోయకండి, కొన్నిటిలో ఉండే ఆర్600ఎ గ్యాస్ మండుతుంది.

అపోహ: మన ఎండలకు గాలిలో తేమెక్కడిది?

బెజవాడ ఉక్కపోతకు చెమట ఆరదు కదా, ఆ తేమే ట్యాంకులోకీ వెళ్తుంది. 8 బార్ అంటే తొమ్మిది లీటర్ల గాలిని ఒక్క లీటరులో కుక్కడం. అంత ఆవిరికి అందులో చోటు చాలదు, చల్లబడగానే నీళ్లవుతుంది. ఒక శ్రావణంలో నల్ల హెల్మెట్ మీద నెమలి కన్ను వేస్తున్నాను. నీలం పూర్తవబోతుండగా నాజిల్ తుప్పుమని ఉమ్మింది. బొట్టు పడిన చోటు నుంచి రంగు సాలీడు కాళ్లలా పాకింది. అంతా రుద్దేసి మళ్లీ మొదలుపెట్టాను. ప్రెజర్ తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్‌కు ఉండే, నీటిని పట్టే ట్రాప్ ఒక్కటే ఆపలేదు, గొట్టంలోనూ నీరు చేరుతుంది. అప్పటి నుంచి బ్రష్ పిడి దగ్గర ఇంకో చిన్న మాయిశ్చర్ ట్రాప్ పెడుతున్నాను, పని అవగానే ట్యాంకు డ్రెయిన్ తెరుస్తున్నాను. మిగిలిన డబ్బు ఏదైనా ఉంటే దీని మీదే పెట్టండి.

రెగ్యులేటర్‌ను ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే సెట్ చేయాలి. వదిలినప్పుడు 25 చూపించే ముల్లు గాలి పారేటప్పుడు 20కి పడిపోవచ్చు. ఇక వర్క్‌షాప్ కంప్రెసర్లకు ఎక్కువగా పావు అంగుళం మర ఉంటుంది, చాలా ఎయిర్‌బ్రష్ గొట్టాలకు 1/8. మధ్యలో అడాప్టర్ కావాలి. షాపుకు వెళ్లేటప్పుడు బ్రష్, గొట్టం వెంట తీసుకెళ్లి, కౌంటర్ దగ్గరే బిగించి చూసుకున్నాక డబ్బులివ్వండి.