మంచు అడుగున సరస్సులు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య దీవెనలు.

అంటార్కిటికాలో మంచు కింద నీళ్లు గడ్డకట్టకుండా ఎలా ఉంటాయని అడిగారు కదా. ఫోన్లో చెబితే తెగదు, అందుకే రాస్తున్నాను.

రష్యావాళ్ల వోస్తోక్ స్టేషన్‌లో 1983లో మైనస్ 89.2 డిగ్రీల చలి నమోదైంది. సరిగ్గా అక్కడే, దాదాపు నాలుగు కిలోమీటర్ల మంచు అడుగున, 250 కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది. భూమి లోపలి నుంచి వచ్చే వేడిని పైనున్న మంచు రగ్గులాగా ఆపేస్తుంది. దానికితోడు అంత బరువు నొక్కుతుంటే నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంచుమించు మైనస్ మూడు దాకా రావాలి. ఇలాంటి సరస్సులు అక్కడ వందల్లో ఉన్నాయని రాడార్లు, ఉపగ్రహాలు పట్టిచ్చాయి.

తెలుసుకోవడం ఒక ఎత్తు, లోపలికి దిగడం ఒక ఎత్తు. మన సూక్ష్మజీవులు అందులో పడ్డాయనుకోండి, తర్వాత కనబడిన జీవి అక్కడిదో మనదో ఎలా తేలుతుంది? అసలు టెన్షన్ అంతా ఇదే. రష్యావాళ్లు బోరు మూసుకుపోకుండా అందులో కిరోసిన్ నింపి తవ్వారు. 2012 ఫిబ్రవరి 5న, 3,769 మీటర్ల లోతున నీరు తగిలింది. ఒత్తిడికి ఆ నీరు బోరులోకి ఎగదన్ని గడ్డకట్టింది. ఆ మంచులో కిరోసిన్ కలిసింది, దాంతో అందులో కనబడిన జీవులు సరస్సువా, బయటివా అన్న వాదన మొదలైంది. వాళ్ల పట్టుదల గొప్పదే గానీ, ఆ పద్ధతి నాకు నచ్చలేదు.

అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్‌వాళ్లు ఎల్స్‌వర్త్ సరస్సు కోసం శుద్ధిచేసిన వేడినీళ్లతో మంచు కరిగిస్తూ దిగారు. రెండు బోర్లు లోపల కలవాల్సిన చోట కలవలేదు. ఇంధనం తరిగిపోతుంటే క్రిస్మస్ నాటికి ఆపేశారు.

2013 జనవరిలో అమెరికావాళ్లు విలన్స్ అనే సరస్సులోకి దిగగలిగారు. అక్కడ మంచు 800 మీటర్లే. వేడినీళ్లని వడగట్టి, అతినీలలోహిత కాంతి కిందుగా పంపి, పరికరాలని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తుడిచి మరీ దించారు. సరస్సు లోతు రెండు మీటర్లు, అంతే! కానీ ఒక్కో మిల్లీలీటరు నీటిలో సుమారు 1,30,000 సూక్ష్మజీవుల కణాలు. ఎండ పొడ తగలని చోట తిండెక్కడిది అంటారా? వాటిలో కొన్ని అమ్మోనియం లాంటి రసాయనాల నుంచే శక్తి తీసుకుంటాయి.

2018 చివర్లో మెర్సర్ సరస్సు బురదలో రొయ్యల జాతి చిన్నచిన్న జీవుల పెంకులు, టార్డిగ్రేడ్ అనే ఎనిమిది కాళ్ల అతిచిన్న జీవి కళేబరం ఒకటి బయటపడ్డాయి. ఎప్పుడో వెచ్చటి కాలంలో దగ్గరి కొండల వాగుల్లో బతికి, చచ్చాక ఇక్కడికి కొట్టుకొచ్చి ఉంటాయని శాస్త్రవేత్తల ఊహ. చేపలు మాత్రం ఈ సరస్సుల్లో ఇంతవరకూ ఎవరికీ కనబడలేదు.

మీ
తాతయ్య