తాబేలుకు కంబళి కప్పితే

డిసెంబరు తెల్లవారుజామున ఒడిశా కొండల్లోని సునాబెడలో కొళాయి తిప్పడానికి చెయ్యి రాదు. విశాఖ నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చిన చుట్టాలు రెండో రోజుకే తిరుగు ప్రయాణం కడతారు. అలాంటి ఒక రాత్రి మా పిన్ని కొడుకు తన పెంపుడు తాబేలుకు కంబళి కప్పి పడుకున్నాడు. పొద్దున్న ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. "రెండు మడతలు వేశాను కదా అన్నయ్యా!" అని వాడి టెన్షన్.

కంబళి వేడిని పుట్టించదు. మన ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పోనివ్వదు, అంతే. తాబేలు ఒంట్లో పుట్టేదే బహు తక్కువ. అంతే బరువున్న కుందేలు ఖర్చు చేసే శక్తిలో సుమారు పదో వంతుతో అది రోజు గడిపేస్తుంది. వారాల తరబడి మేత లేకపోయినా బతకగలిగేది ఆ పొదుపు వల్లే. కంబళి కింద చల్లబడిపోయేదీ ఆ పొదుపు వల్లే.

వాడిది సల్కాటా అనే జాతి తాబేలు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ దాని పుట్టిల్లు. అక్కడ ఎండకీ చలికీ కూడా బొరియే దానికి దిక్కు. చలికాలం తెల్లారి బావిలో తోడిన నీళ్ళు గోరువెచ్చగా తగులుతాయి కదా, లోతున నేల వేడి పెద్దగా మారదు కనుక. బొరియ రహస్యం కూడా అదే. ఈ జాతికి చలినిద్ర అలవాటు లేదు. చలి, తడి కలిసి తగిలితే ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకుంటుంది. తాబేలుకు మనలా దగ్గి కఫం బయటికి తోసే శక్తి లేదు, అందుకే ఆ జబ్బు ముదురుతుంది.

(మన నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సల్కాటా వంటి విదేశీ జాతులకు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. వాడి చేత ముందు ఆ పని చేయించాను.)

ఇక బొరియకు బదులు మనం కట్టే గూడు. పొడవు, వెడల్పు మీటరు చొప్పున, ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుందాం. అన్ని వైపులా కలిపి 4.4 చదరపు మీటర్లు. బయట 6 డిగ్రీలు, లోపల 26 కావాలి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒక్కటే అయితే ఆ తేడా నిలబెట్టడానికి 300 వాట్లకు పైనే పోయాలి. దానికి 5 సెంటీమీటర్ల థర్మాకోల్ చేరిస్తే 50, 60 వాట్లు చాలు. థర్మాకోల్‌లో చిక్కుకున్న గాలి కదలదు, కదలని గాలి వేడిని మోయదు. అయితే లోపలి వైపు కూడా ప్లైవుడ్ కొట్టాలి, లేకపోతే తాబేలు థర్మాకోల్ కొరికి మింగుతుంది. గూడు కింద ఇటుకలు పెట్టి నేలకు ఎడం చేయాలి. తలుపు సందుల్లోంచి గాలి దూరితే పై లెక్కంతా వృథా.

ఆ 60 వాట్లు ఎక్కడి నుంచి? పిన్ని కుంపటి పెడదామంది. మూసిన గూట్లో బొగ్గులంటే కార్బన్ మోనాక్సైడ్, వద్దే వద్దు. పైన దగ్గరగా బల్బు వేలాడదీస్తే డిప్ప నడినెత్తి కాలుతుంది, పొట్ట కింద చల్లగానే ఉంటుంది. గోడకు బిగించిన వెడల్పాటి హీటింగ్ ప్యానెల్, దానికో థర్మోస్టాట్ (తగినంత వేడెక్కగానే కరెంటు ఆపేది) మేలు. థర్మామీటరు కప్పుకు కట్టకండి, వేడి గాలి అక్కడికే చేరి మోసం చేస్తుంది. తాబేలు వీపు ఎత్తులో కట్టండి.

యూరప్‌లో హెర్మన్ తాబేళ్ళు పెంచేవాళ్ళ కథ దీనికి తలకిందులు. అవి చలినిద్ర పోయే జాతి. వాటికి 5 డిగ్రీల దగ్గర నిలకడైన చల్లదనం కావాలి. సున్నా కిందికి పోతే మంచు కళ్ళను కూడా దెబ్బతీస్తుంది, 10 దాటితే మెలకువొచ్చి ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది. అందుకని కొందరు ఏకంగా ఫ్రిజ్‌లోనే పెడతారు! మనవాళ్ళు వింటే నవ్వుతారు గానీ, ఫ్రిజ్ గోడల్లో ఉన్నదీ గాలిని బంధించిన నురుగే. వేడి లోపలికి రాకూడదా, బయటికి పోకూడదా అన్నది దానికి అక్కర్లేదు.

మా తమ్ముడి గూడు తయారైంది. పొద్దున్నే తలుపు తీయడు. పది గంటలకు ఎండ గచ్చును వేడెక్కించాక తీస్తాడు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలకపోతే ఒంట్లో డి3 విటమిన్ తయారవదు, డిప్ప మెత్తబడుతుంది. ఆ పని ఏ గూడూ చేయదు.