చిత్తూరు సీమలో వాన నష్టం: లెక్కకొచ్చేది, రానిది

2021 నవంబరు 18న తిరుమల కొండల మీద కురిసిన వాన తిరుపతి వీధుల్లోకి దిగింది. కపిలతీర్థం పోటెత్తింది. ఘాట్‌ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారి మళ్లీ తెరవడానికి మరుసటి మే దాకా పట్టింది. స్వర్ణముఖి ఒడ్డున ఇళ్లు నదిలోకి ఒరిగాయి. రాయలచెరువు కట్టకు నీరు కారుతోందని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అది తెగలేదు. పొరుగు కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మాత్రం 19న తెగి పదుల ప్రాణాలు తీసింది.

ఎన్నడూ చూడని వాన అన్నారు. కాదనలేం. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోస్తుంది, బంగాళాఖాతమేమో వేడెక్కుతోంది. కానీ ఆ నీళ్లు పోవాల్సిన దారి ఏమైందన్నది ఇంకా పాత కథ.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు జీవనది లేదు. ఏడాది వాన సగటున 930 మిల్లీమీటర్లు, అందులో సగానికి కాస్త తక్కువ ఈశాన్య రుతుపవనాలదే. వచ్చిన నాలుగు వానలనూ పట్టుకోవడానికే పెద్దలు వంకల (వాగుల) మీద గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు మొరవ (అలుగు) పోతే కింది చెరువు నిండేది. తూములు చూడ్డానికి ఊరికో నీరుగంటి. ఇంత ఏర్పాటున్నా 1876-78 నాటి ధాత కరువు ఆపలేనిదే అయింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు.

గొలుసును తెంపింది మాత్రం కరువు కాదు, బోరు. కరెంటు మోటార్లొచ్చాక చెరువుతో పని తగ్గింది, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులు ఎండాయి, నీరుగంటి మాయమయ్యాడు. ఎవరికీ పట్టని వంకలో మొదట పైరు లేచింది, తర్వాత ఇల్లు లేచింది. తిరుపతిలో కొర్లగుంట, తాతయ్యగుంట ఇప్పుడు జనం కిక్కిరిసిన పేటలు. బోర్లను అదుపు చేయడానికి 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చారు, 2004లో సాగుకు ఉచిత కరెంటు ఇచ్చారు. ఒక చేత్తో ఆపి ఇంకో చేత్తో తోడించినట్టే. పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దించినా దుమ్మే వచ్చిన బోర్లకు కొదవలేదు. ఆ బోర్ల కోసం చేసిన అప్పు తీరడానికి ముందు ఆవులు సంతకు పోతాయి, తర్వాత కొడుకులు బెంగళూరుకు పోతారు.

ఇక్కడే నాకు అసలు పేచీ. వరదొస్తే అధికారులు వస్తారు, కూలిన గోడ, మునిగిన మడి రాసుకుంటారు. 2015 నుంచి 33 శాతం పంట పోయినా ఇన్‌పుట్ సబ్సిడీకి (పంట పోయిన రైతుకిచ్చే పెట్టుబడి సాయానికి) అర్హతే, అంతకు ముందు 50 శాతం పోవాల్సి ఉండేది. మంచిదే. అయితే అది పంటకు ఇచ్చేది, బోరు అప్పుకు కాదు. పాసుపుస్తకం లేని కౌలురైతుకు పంట పరిహారం కూడా సులువుగా చేతికి రాదు. ఒక్క రాత్రిలో పోయింది నష్టమైతే, ఇరవై ఏళ్లుగా కొంచెం కొంచెం పోతున్నది ఏమవుతుంది?

2025 ఆగస్టులో శ్రీశైలం నీళ్లు హంద్రీ-నీవా కాలువ మీదుగా కుప్పం చేరాయి. పడమటి మండలాలకు అది చిన్న సంగతి కాదు. తూర్పున తిరుపతి, శ్రీకాళహస్తి వైపు వంకలు కొలిచి ఆక్రమణలు తీసే పని మాత్రం వరద ఉన్నన్నాళ్లే గుర్తుంటోంది.