హార్లిక్స్ సీసాలో శొంఠిపొడి

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరిద్దరూ చెరొక ప్రశ్న అడిగారు. అప్పటికి ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశాను గాని, రెండు రోజులుగా అవే మనసులో తిరుగుతున్నాయి. చిన్నవాడి ఇంగ్లీషు పుస్తకంలో కర్కాటక రాశికి క్యాన్సర్ అని పేరు వేసి ఉందట. వాడిది పుష్యమి నక్షత్రం, కర్కాటక రాశి. మీ పెద్దత్తయ్యకు వచ్చిన జబ్బు పేరూ అదే. "అయితే నాకూ వస్తుందా తాతయ్యా?" అన్నాడు గొంతు తగ్గించి. రాదు నాన్నా, రాశికీ ఆ రోగానికీ ఏ సంబంధమూ లేదు. ఇక అమ్మాయి అడిగింది: తన తరగతిలో ఒక పిల్లకు డిప్రెషన్ అని డాక్టరు చెబితే, తోటివాళ్ళు "మెంటల్" అని పిలుస్తున్నారట. డిప్రెషన్ అంటే పిచ్చేనా అని. రెండింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుందని నాకు అనిపించింది. అది మా వంటింటి అలమర.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఆ అలమరలో ఒక హార్లిక్స్ సీసా ఉండేది. ఎవరికో జ్వరం వచ్చి తగ్గాక కొన్న సీసా అది. నాకు అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. అమ్మ బావి దగ్గర ఉన్న సమయం చూసి, స్టూలు ఎక్కి, చీటీ మీద పేరు చదివి నిర్ధారణ చేసుకుని, పెద్ద చెంచా నిండా తీసి నోట్లో వేసుకున్నాను. అది శొంఠిపొడి. మింగలేక, ఉమ్మలేక, కళ్ళ నీళ్ళతో నిలబడి ఉండగా అమ్మ వచ్చి, నవ్వు ఆపుకుంటూ, "చీటీ చదివావు గాని వాసన చూడలేదేమిరా?" అంది. తెలుగువాళ్ళ వంటిళ్ళలో సీసా మీద ఉన్న పేరు ఒకటి, లోపలి సరుకు ఒకటి. సీసా గట్టిది కాబట్టి ఉంచుకుంటాం, చీటీ గీకే ఓపిక ఎవరికీ ఉండదు.

రోగాల పేర్లు కూడా అటువంటి సీసాలే. సుమారు 2,400 ఏళ్ళ క్రితం గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్, ఆయన శిష్యులు ఒక రకం పుండుకూ గడ్డకూ పీత అనే అర్థం వచ్చే కార్కినోస్ అనే పేరు వాడారు. రోము దేశపు వైద్య రచయిత సెల్సస్ దాన్ని లాటిన్‌లో క్యాన్సర్ అన్నాడు. ఆకాశంలోని నక్షత్రాల గుంపును కూడా పీత అనే పిలిచారు. మన కర్కటం కూడా పీతే. అంటే ఒకే చీటీ రెండు సీసాల మీద అంటించారు, అంతే. గ్రీకు మాట నుంచే కార్సినోమా వచ్చింది. మీ అత్తయ్య రిపోర్టులో ఉన్నది ఆ మాటే. చర్మంలోనో, అవయవాల లోపలి పొరల్లోనో మొదలైన క్యాన్సర్ అని దానికి అర్థం. ఎముకలోనో కండలోనో మొదలైతే సార్కోమా అంటారు. రక్తానిదైతే ల్యుకేమియా, అంటే తెల్ల రక్తం. ఆ పేరు 1847లో జర్మనీ వైద్యుడు విర్కో పెట్టాడు.

డాక్టర్లు జబ్బు ఎక్కడ పుట్టిందో చూసి పేరు పెడతారు, ఎక్కడికి పాకిందో చూసి కాదు. రొమ్ములో మొదలైనది ఊపిరితిత్తికి పాకినా దాన్ని రొమ్ము క్యాన్సర్ అనే అంటారు. మా సీసాను అటక మీదికి ఎక్కించినా అందులోది శొంఠే కదా. ట్యూమర్ అన్న మాట వినగానే కూడా హడలిపోకండి, దాని అర్థం వాపు, గడ్డ అని మాత్రమే. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక ముసలమ్మకు రొమ్ము మీద మానని పుండు ఉండేది. రాచపుండు అనేవారు. రాచ అంటే రాజులదని నాకు తెలుసు కాబట్టి, ఆమెకు ఏదో గొప్ప దక్కిందనుకున్నాను. తీరా చూస్తే ఆమె కంచం, గ్లాసు వేరుగా అరుగు మీద పెట్టేవారు. క్యాన్సర్ ఒకరి నుంచి మరొకరికి తాకితే అంటుకునేది కాదని చెప్పేవాళ్ళు ఆ రోజుల్లో మాకు లేరు. ఇప్పుడు చెప్పేవాళ్ళు ఉన్నారు, అయినా పెద్దవాళ్ళు "ఆ జబ్బు" అని గుసగుసలాడతారు. మీరు అలా చెయ్యకండి, అత్తయ్య దగ్గర కూర్చుని ఆమె గ్లాసుతోనే మజ్జిగ తాగండి. పేరు పలికితే ప్రాణం పోదు.

రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ ఏమనుకున్నాడో తెలుసా? ఒంట్లో నల్లపిత్తం అనే ద్రవం పెరిగితే ఈ గడ్డలు వస్తాయని. అదే నల్లపిత్తం వల్ల మనిషి దిగులుగా కూర్చుంటాడని కూడా నమ్మారు. గ్రీకులో మెలాస్ అంటే నలుపు, ఖోలే అంటే పిత్తం. ఆ రెండూ కలిపి దిగులుకు మెలాంకోలియా అని పేరు పెట్టారు. చర్మం మీద నల్లమచ్చలా వచ్చే మెలనోమా అనే క్యాన్సర్‌లోనూ ఆ నలుపే ఉంది. అంటే మీరు వేరువేరుగా అడిగిన రెండు జబ్బులకూ ఒకప్పుడు ఒకే కారణం చెప్పేవారన్నమాట. నల్లపిత్తం అనేది అసలు లేనే లేదని తరువాత తేలింది. సరుకు పోయింది, చీటీలు మిగిలాయి. మనమేమీ తక్కువ తినలేదు: నాన్నమ్మ "వీడికి పైత్యం ఎక్కువైంది" అంటున్నప్పుడల్లా ఆయుర్వేదపు పిత్తాన్నే మీ అల్లరికి అంటగడుతోంది.

మన దేశంలో మానసిక రోగుల గురించిన 1912 నాటి చట్టానికి లూనసీ అనే పేరు ఉండేది. లూనా అంటే లాటిన్‌లో చంద్రుడు. అమావాస్యకూ పున్నమికీ పిచ్చి ముదురుతుందని మన ఊళ్ళలో అనే మాటే అక్కడా ఉంది. ఆ పదాన్ని 1987 చట్టంలో తీసేశారు. ఇప్పుడు అమలులో ఉన్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. స్కిజోఫ్రీనియా కథ ఇంకా చిత్రమైనది. 1908లో స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయ్‌లర్ పెట్టిన ఆ పేరుకు చీలిన మనసు అని అర్థం. ఆ అర్థాన్ని పట్టుకుని ఒకే మనిషిలో ఇద్దరుంటారని చాలామంది అనుకుంటారు, అది తప్పు. లేని మాటలు వినిపించడం, లేనిది ఉందని గట్టిగా నమ్మడం, ఆలోచనల వరుస తప్పడం వంటివి ఆ జబ్బు లక్షణాలు. జపానులో వాళ్ళ భాషలోని "చీలిన మనసు" పేరు రోగులను బాధిస్తోందని 2002లో దాన్ని మార్చేశారు. చీటీ గీకే ఓపిక ఉన్నవాళ్ళు!

ఇక డిప్రెషన్. కిందికి నొక్కడం అని ఆ మాటకు అర్థం. బంగాళాఖాతంలో డిప్రెషన్ వస్తే మన రేడియో వాయుగుండం అంటుంది. మనిషికి వస్తే కుంగుబాటు అంటాం. నాకు ఈ తెలుగు మాట చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో తప్పుడు చీటీ లేదు. వానాకాలంలో మా పశువుల పాక గోడ కుంగింది. దాన్ని చూసి "ధైర్యం తెచ్చుకో" అని ఎవరూ అనలేదు, నాన్న గుంజలు పోటు పెట్టి, నీళ్ళు పోయే దారి చేశాడు. ఆ పిల్లకు కావలసిందీ అదే: డాక్టరు, మందు, మాట్లాడే మనుషులు. అది పిచ్చి కాదమ్మా, అసలు పిచ్చి అనే పేరుతో ఇప్పటి వైద్య పుస్తకాల్లో జబ్బు లేదు. "మెంటల్" అంటే ఇంగ్లీషులో మనసుకు సంబంధించిన అని అర్థం. లెక్కలు నోటితో చెయ్యడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు. దాన్ని తిట్టుగా మార్చింది మనమే.

మా ఊళ్ళో ఒకాయన చెరువుగట్టు మీద తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగేవాడు. మేము "పిచ్చోడు" అని వెంటపడి కేకలు వేసేవాళ్ళం, నేనూ వేశాను. ఆయన చనిపోయిన రోజున పంచాయతీ రిజిస్టరులో రాయడానికి పేరు అడిగితే, చుట్టూ నిలబడ్డ వాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు.

సంక్రాంతికి మీరు వచ్చినప్పుడు పంటకాలువ గట్టున పీత బొరియలు చూపిస్తాను. ఒక పీతను పళ్ళెంలో పెట్టి, పైనుంచి వంగి చూడండి: గట్టి గుండ్రటి వీపు, రెండు పక్కలకూ చాచిన కాళ్ళు. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలను చూసి గేలెన్ తలచుకున్నది ఆ కాళ్ళనే. చూశాక దాన్ని మళ్ళీ కాలువలో వదిలేయండి, డెక్కల దగ్గర వేళ్ళు జాగ్రత్త.

మీ తాతయ్య