విదేశీ సాయం: మలావి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

దాతల డబ్బుతో నడిచే ప్రాజెక్టుల పర్యవేక్షణ నా పని, ఎక్కువగా ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావిలో. ఇంటికొచ్చినప్పుడల్లా చుట్టాలు అడిగేది ఒకటే: "అంత డబ్బు పోస్తున్నారు కదా, అదంతా ఏమవుతోందిరా?" వాళ్ళ ప్రశ్నలో దాగిన నమ్మకాలనే ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

అపోహ: ధనిక దేశాలు తమ బడ్జెట్‌లో పెద్ద ముక్క దీనికే పెడతాయి.

2025లో కోతలు పెట్టకముందు కూడా అమెరికా పెట్టింది ఫెడరల్ బడ్జెట్‌లో సుమారు 1 శాతమే. జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే లక్ష్యం పెట్టింది. దాన్ని అందుకున్న దేశాలను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అపోహ: డాలర్లు ఖజానాలో పడతాయి, మంత్రులు మింగేస్తారు.

కొంత భాగం ఒకప్పుడు నిజంగానే ఖజానాకు వెళ్ళేది. 2013లో 'క్యాష్‌గేట్' బయటపడింది. జరగని పనులకు బిల్లులు చెల్లించి, ఆ ఎంట్రీలను ప్రభుత్వ ఆర్థిక సాఫ్ట్‌వేర్‌లోంచి చెరిపేశారు. దాతలు బడ్జెట్‌కు ఇచ్చే సాయం ఆపేశారు. ఆ తర్వాత జరిగిన ఫోరెన్సిక్ ఆడిట్ ఖర్చు బ్రిటన్ భరించింది. పాలనకు సాయం అంటే చాలాసార్లు ఇదే, రిబ్బన్ కత్తిరించడానికి ఏమీ ఉండదు.

ఆ దెబ్బతో డబ్బు ఖజానాను పక్కనబెట్టి మందులుగా, టీకాలుగా, ఎన్జీవో జీతాలుగా రావడం పెరిగింది. చేతివాటానికి అవకాశం తగ్గింది గానీ ఇంకో తలనొప్పి మొదలైంది. క్లినిక్ ఒకటే, రోగులు వాళ్ళే, రిపోర్టు మాత్రం ఒక్కో దాతకు ఒక్కో ఫార్మాట్‌లో. మూడు నెలలు ముగిసే వారం వెళ్ళి చూడండి: రోగులు బయట బెంచీల మీద, నర్సు లోపల రిజిస్టర్ల కూడికల్లో. ఆ రిపోర్టులు అడిగేవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఇంతకంటే గట్టిగా తిట్టలేను.

అపోహ: డబ్బిచ్చేవాడు చెప్పిందే జరుగుతుంది.

ఇది సగమే నిజం. 2005లో కరువుతో పంట దెబ్బతిన్నాక, అధ్యక్షుడు బింగు వా ముతారికా చిన్న రైతులకు ఎరువుల కూపన్లు ఇస్తానన్నారు. సబ్సిడీలు దండగన్నారు చాలామంది దాతలు. ఆయన సొంత బడ్జెట్‌తోనే మొదలుపెట్టారు. విత్తేటప్పుడు వేయడానికి ఒక బస్తా, పైపాటుగా యూరియా ఇంకో బస్తా. తర్వాతి ఏళ్ళలో మొక్కజొన్న దిగుబడి పెరిగింది, దాతలూ దారికొచ్చి చేయి కలిపారు. (పథకం తర్వాత వ్యవసాయ బడ్జెట్‌లో సగానికి పైగా మింగింది. ఆ గొడవ వేరే.)

హెచ్‌ఐవీ విషయంలో ఇంకా ముందుకెళ్ళారు. గర్భిణికి జీవితాంతం మందులివ్వాలో వద్దో సీడీ4 పరీక్ష (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) చూసి తేల్చాలని అప్పటి అంతర్జాతీయ నియమం. పల్లె క్లినిక్‌లో ఆ మెషీన్ ఎక్కడిది? పరీక్షతో పనిలేకుండా పాజిటివ్ వచ్చిన ప్రతి గర్భిణికీ మందులు మొదలుపెడదామని 2011లో మలావి ఆరోగ్యశాఖే నిర్ణయించింది. మందుల ఖర్చు జెనీవాలోని దాతల నిధి గ్లోబల్ ఫండ్‌ది, ఆలోచన మలావిది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని తన మార్గదర్శకాల్లోకి తీసుకుంది.

అపోహ: దీంతో మనకేం సంబంధం?

ఆ క్లినిక్కుల్లో ఇచ్చే హెచ్‌ఐవీ మాత్రల్లో హైదరాబాద్ కంపెనీలైన అరబిందో, హెటెరోల వాటా తక్కువేం కాదు. జెనీవాలో మంజూరైన డబ్బు తిరిగి తిరిగి మన ఊళ్ళకే జీతాలై వస్తోందన్నమాట.

కందుల కథ ఇంకా దగ్గరిది. పటాన్‌చెరులో ప్రధాన కార్యాలయం ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా దాతల డబ్బుతో నడిచేదే. ఎండు తెగులును తట్టుకునే కంది రకాలను అది తూర్పు, దక్షిణ ఆఫ్రికాలకు చేర్చింది. మలావి రైతు వాటిని మొక్కజొన్న మధ్య అంతర పంటగా వేస్తాడు. మంచి పంట, నేలకూ మంచిదే, కొనేది ఎక్కువగా ఇండియా. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం కంది దిగుమతులను ఏడాదికి 2 లక్షల టన్నులకు పరిమితం చేసింది. ఇక్కడి రైతును కాపాడటానికి అది అవసరమే కావచ్చు. అక్కడ మాత్రం ధర కుప్పకూలి, ఏళ్ళ తరబడి విత్తనం మీద పెట్టిన సాయం ఒక్క నోటిఫికేషన్‌తో నీరుగారింది. ప్రాజెక్టు రిపోర్టుల్లో 'రిస్కులు' అనే గడిలో దీన్ని ముందే రాసినవాళ్ళు నాకైతే కనబడలేదు.

అపోహ: సాయం ఆపేస్తే వాళ్ళే తమ కాళ్ళ మీద నిలబడతారు.

2025 జనవరిలో అమెరికా ఉన్నట్టుండి చెల్లింపులు ఆపేసింది, జులై 1కల్లా ఆ దేశపు సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. ముందుగా దెబ్బ తగిలేది మందుకు కాదు, మనిషికి. మాత్రలు స్టాకులో కొన్నాళ్ళు ఉంటాయి. మందుకు రాని రోగిని సైకిలు మీద వెళ్ళి వెతికేవాడు, రికార్డులు ఎక్కించే క్లర్కు మాత్రం ప్రాజెక్టు కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు. వాళ్ళ పేర్లు ప్రభుత్వ జీతాల పట్టీలో లేవు.

దీనికి వేరే దారి లేకపోలేదు. నర్సులు బ్రిటన్‌కు వలసపోతున్న రోజుల్లో, 2000ల నడుమ, అదే బ్రిటన్ డబ్బు తోడుగా మలావి తన ఆరోగ్య సిబ్బందికి 52 శాతం అదనపు జీతం మొదలుపెట్టింది. ఇచ్చింది ప్రభుత్వ పట్టీలో ఉన్న సిబ్బందికే. అందుకే ఇప్పుడు ఏ ప్రాజెక్టు ప్రతిపాదన చేతికొచ్చినా నేను ముందు జీతాల పేజీ తిప్పుతాను.