ముగ్గురు మగవాళ్ళ ఇల్లు, ఒక్కరి ఇంటిపేరు

2000లో వచ్చిన బ్రెజిల్ చిత్రం ‘నేను, నువ్వు, వాళ్ళు’ గురించి చెబితే ‘ముగ్గురు మొగుళ్ళ కథేగా’ అని నవ్వేసేవాళ్ళే ఎక్కువ. అసలు పేచీ ఇల్లు ఎవరిది, పిల్లలు ఎవరి పేరన అన్నదాని దగ్గరే ఉంది.

కొడుకును వెంటబెట్టుకుని ఊరికి తిరిగొచ్చిన డార్లీన్‌ను (నటి రెజీనా కజే) ముసలి ఓసియాస్ పెళ్ళాడతానంటాడు. ఆయనకు సొంతిల్లుంది, ఆమెకు లేదు. పెళ్ళయ్యాక ఆయన ఊయలలో పడుకుని రేడియో వింటుంటే ఆమె చెరకు కొట్టి వస్తుంది. ఇంట్లో వంట చేసిపెట్టేది ఆయన బంధువు జెజీన్యో. తర్వాత సీరో అనే కూలీ కూడా ఆ ఇంటికే చేరతాడు.

దర్శకుడు ఆండ్రూషా వాడింగ్టన్‌కు ఈ కథ దొరికింది సెయరా రాష్ట్రంలో నిజంగా అలా బతికిన ఒక స్త్రీ జీవితంలో. ఈశాన్య బ్రెజిల్ కరువు నేలలో అది మరీ వింతేమీ కాదు. వానలు లేని ఏడాది మగవాళ్ళు సావో పాలోకు వలసపోతే ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళను ‘కరువు వితంతువులు’ అనేవారు. సంసారాన్ని ఈదింది వాళ్ళే.

చట్టం మాత్రం దాన్ని చూడలేదు. 1916 పౌరస్మృతి ప్రకారం భర్తే ఇంటి యజమాని. ఆయన అనుమతి లేనిదే భార్య ఉద్యోగానికి వెళ్ళకూడదు. ఆ నిబంధన 1962 దాకా నడిచింది. విడాకులు 1977లో గానీ రాలేదు. 1971లో పెట్టిన పల్లె పింఛను కూడా ఇంటి యజమానికే. 1988 రాజ్యాంగం భార్యాభర్తలను సమానం చేసి, పెళ్ళి కాని జంటనూ కుటుంబమేనంది. రైతు స్త్రీకి 55 ఏళ్ళకే సొంత పింఛను, ప్రభుత్వం పంచే భూమిలో సొంత పట్టా ఇస్తానంది.

సినిమా కూడా నెమ్మదిగానే కదిలింది. 1963 నాటి ‘ఎండిన బతుకులు’లో భార్య కోరిక ఒక మంచి మంచం, అంతే. 1976లో ‘డోనా ఫ్లోర్’ ఇద్దరు మొగుళ్ళతో వచ్చింది గానీ, అది సల్వదోర్ నగరం కథ. పైగా ఒక మొగుడు దెయ్యం! పల్లెలో, బతికున్న ముగ్గురితో కథ చెప్పడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

‘నేను, నువ్వు, వాళ్ళు’ చివర్లో ఓసియాస్, వేరే మగవాళ్ళకు డార్లీన్ కన్న పిల్లల్ని తీసుకెళ్ళి తన బిడ్డలుగా రిజిస్టరు చేయిస్తాడు. చాలామందికి అది ఔదార్యంగా తోచింది. నాకు అది యజమాని వేసిన ముద్రలానే కనిపిస్తుంది. సినిమా వచ్చాక, నిజ జీవితంలో, 2012లో టుపాన్ అనే బ్రెజిల్ ఊరి నోటరీ ఒక పురుషుడు, ఇద్దరు స్త్రీల సహజీవనానికి దస్తావేజు రాసిచ్చారు. 2018లో జాతీయ న్యాయమండలి అలాంటి దస్తావేజులు రాయవద్దని నోటరీలను ఆదేశించింది.