“నాకు నొప్పి లేదు కదా డాక్టరు గారూ!” - పళ్ళు, చిగుళ్ళపై అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో దంతవైద్యం చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది రాత్రంతా నిద్ర లేక, చెంప వాచి, లవంగం పెట్టి పెట్టి ఇక ఓర్చుకోలేక వస్తారు. తోడు వచ్చిన భార్యనో తండ్రినో “మీ పళ్ళు కూడా ఓసారి చూద్దాం, కూర్చోండి” అంటే, “నాకు నొప్పి లేదు కదా డాక్టరు గారూ” అంటారు. పన్ను పుచ్చడం మొదలైన చాలాకాలానికి గానీ నొప్పి తెలియదు. చిగుళ్ళ జబ్బయితే పన్ను కదిలేదాకా నొప్పి లేకుండానే సాగిపోవచ్చు. నేను వినే అపోహల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

అపోహ: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి, సందులు పడతాయి.

ఈ మాట రోజూ వింటాను. అనేవాళ్ళు కల్పించి చెప్పడం లేదు. క్లీనింగ్ అయ్యాక నాలుకకు సందు తగులుతుంది, కొన్నాళ్ళు చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. అయితే దాని వెనక జరిగింది వేరు. పళ్ళ మీద రోజూ పాచి చేరుతుంది. బ్రష్ అందని చోట మిగిలిపోయిన పాచి, ఉమ్మిలోని కాల్షియంతో గట్టిపడి గార అవుతుంది. గరుకుగా ఉండే ఆ గార మీద మళ్ళీ పాచి పడుతుంది. పాచిలోని సూక్ష్మజీవుల వల్ల చిగుళ్ళు వాస్తాయి. ఏళ్ళు గడిస్తే పన్నును పట్టి ఉంచే ఎముక కూడా కరిగిపోతుంది. పట్టు పోయిన ఆ పళ్ళను గారే సిమెంటులా అతికించి ఉంచుతుంది. గార తీయగానే అప్పటికే ఉన్న సందు బయటపడుతుంది, వాపు తగ్గిన చిగుళ్ళు కుదించుకుంటాయి, అంతకుముందే వదులైన పన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది. మిషను పన్నును అరగదీయదు. సన్నగా అదురుతూ, నీళ్ళు చిమ్ముతూ గారను విడగొడుతుంది. క్లీనింగ్ మానేసి పన్నును కాపాడుకున్నామనుకునేవాళ్ళకు లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది.

అపోహ: చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే బ్రష్ ఆపేయాలి.

పుండు మీద రాపిడి ఎందుకని ఆపేస్తారు. దాంతో పాచి అక్కడే ఉండిపోయి రక్తం ఇంకా ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్‌ను చిగుళ్ళ అంచుకు ఏటవాలుగా ఆనించి, రెండు పూటలా మెల్లగా 2 నిమిషాలు తోమండి. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం అన్నాళ్ళు ఆగొద్దు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్‌ను అదుపులో పెట్టడం కష్టమవుతుంది. పొగ తాగేవాళ్ళది ఇంకో చిక్కు. పొగాకు వల్ల రక్తం కారడం తగ్గిపోతుంది. జబ్బు లోపల పెరుగుతున్నా తమ చిగుళ్ళు గట్టివనే అనుకుంటారు.

అపోహ: ఎలాగూ ఊడిపోయే పాలపళ్ళకు వైద్యం ఎందుకు?

ముందు పళ్ళు 6, 7 ఏళ్ళకు ఊడతాయి. పాల దవడపళ్ళు మాత్రం 10 నుంచి 12 ఏళ్ళ దాకా ఉండాలి. పుచ్చిపోయి ముందే తీసేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, కింద నుంచి వచ్చే పన్నుకు చోటు దొరకదు.

ఇంతకంటే నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటి ఉంది. 6 ఏళ్ళ వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళన్నిటి వెనక నాలుగు పెద్ద దవడపళ్ళు వస్తాయి. ఏదీ ఊడలేదు కాబట్టి అవీ పాలపళ్ళే అనుకుంటారు. నిజానికి అవి జీవితాంతం ఉండాల్సినవి. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ పన్ను తీయక తప్పని స్థితిలో, “మళ్ళీ వస్తుంది కదా డాక్టరు గారూ” అని తల్లి అడిగితే జవాబు చెప్పడానికి నాకు నోరు రాదు. మీ పిల్లలకు 7 ఏళ్ళు వచ్చాయా? ఈ రాత్రే ఫోన్ టార్చ్ వేసి నోట్లో చివరి పన్ను చూడండి. నల్లటి గీతో గుంటో కనిపిస్తే వెంటనే తీసుకెళ్ళండి. 7, 8 ఏళ్ళు వచ్చేదాకా రాత్రిపూట పళ్ళు మీరే తోమండి. నిద్రలో ఉమ్మి తగ్గుతుంది కాబట్టి రాత్రి తోమడమే ముఖ్యం. ఫ్లోరైడ్ పేస్టు 3 ఏళ్ళలోపు వాళ్ళకు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత చాలు. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టే అలవాటు మాత్రం మాన్పించండి.

అపోహ: పై పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుంది.

తగ్గదు. చూపు నరం వేరు, పై పళ్ళ నరం వేరు. నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది, పళ్ళు తీయించుకోవాల్సి రావడమూ ఎక్కువగా ఆ వయసులోనే. అందుకే రెండిటికీ ముడి పెట్టేశారు.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ జోలికి పోకూడదు.

బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం లాక్కోదు. హార్మోన్ల మార్పు వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు వాస్తాయి, అంతే. వైద్యానికి 4 నుంచి 6 నెలల మధ్య సమయం అనువైనది. చీము పడితే ఏ నెల అయినా ఆగకూడదు. వేవిళ్ళతో వాంతి అయితే వెంటనే తోమకండి. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగండి.

అపోహ: పళ్ళన్నీ ఊడిపోయిన ముసలివాళ్ళకు పళ్ళ డాక్టరుతో పనేముంది?

మా తీరప్రాంత పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళలో కొందరికి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబడి మందంగా అవుతుంది. కొందరికి అక్కడే క్యాన్సర్ వస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు. “నాకేటీ నొప్పి లేదు బాబూ, మా కోడలే లాక్కొచ్చింది” అంటూ కుర్చీలో కూర్చున్న అవ్వలను చూశాను. ఆ కోడళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కట్టుడు పళ్ళున్నవాళ్ళు రాత్రి వాటిని తీసి, కడిగి నీళ్ళలో వేస్తారు కదా, ఇంట్లో ఎవరైనా ఆ సమయంలో వాళ్ళ అంగిలి, నాలుక పక్కలు, బుగ్గల లోపలి వైపు టార్చ్ వేసి చూడండి. తెల్లమచ్చ గానీ, ఎర్రమచ్చ గానీ, 2 వారాలు దాటినా మానని పుండు గానీ ఉంటే, నొప్పి లేదన్నా సరే వెంట పెట్టుకుని రండి.